ఇటుకల గేముకు టీకా తాత్పర్యం

అవతారిక

మెదకు సీమలో కొలిచెలమ వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. ఎదుట కాళిదాసు ఉన్నాడు గనక ఆ మాట చెల్లింది. ప్రస్తుత వ్యాఖ్యాత ఎదుట ఉన్నది పెనుగంచిప్రోలు తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ వీడియో గేము. దాని ఒంటి మీద అచ్చేసిన మాటలు కాసిని. వాటి మీద తొంభైల చివర్లో జగ్గయ్యపేట, నందిగామ కుర్రాళ్లు చెప్పుకున్నవి రాస్తే సంపుటాలు. మూలం ఇంత పీనాసిదైనప్పుడు వ్యాఖ్యాతలు మాత్రం ఏం చేస్తారు?

దేశం: అప్పటి కృష్ణా జిల్లా మెట్ట. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ, ఈ వదంతులు పుట్టిన నాటి పేరే ఇక్కడ వాడుతున్నాను. నందిగామ హైవే మీది ఊరు. బెజవాడ నుంచి వచ్చే ఏ కబురైనా ముందు అక్కడ దిగుతుంది. మరో ముప్పై కిలోమీటర్లు పోయి, చిల్లకల్లు దగ్గర పక్కకు తిరిగి పేట చేరేటప్పటికి ఆ కబురుకు చెవులూ తోకా మొలుస్తాయి. అంచేత ప్రతి వదంతికీ రెండు పాఠాలు: బక్కది నందిగామ పాఠం, పుష్టిగలది పేట పాఠం. వ్యాఖ్యాత పేటవాడు. ఆ సంగతి దాచడం లేదు.

మూలం: 9999 ఇన్ 1.

టీక: 9999 = తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది ఆటలు; ఇన్ = లోపల; 1 = ఒక్క డబ్బాయందు; (కలవు). ‘కలవు’ అన్నది మూలంలో లేదు, అధ్యాహారం. కొట్టువాడు కూడా ఆ మాట అనలేదు. వేలితో అంకె చూపించి ఊరుకున్నాడు. క్రియాపదం కొన్నవాడు చేర్చుకున్నాడు.

తాత్పర్యం: ఈ డబ్బాకు అడ్డం 10, నిలువు 20 గళ్ల తెర. పక్కన, తర్వాత రాబోయే ముక్కను చూపించే చిన్న గూడు. వెనక రెండు పెన్సిల్ సెల్లులు. ఆన్ చేస్తే గళ్లతో కట్టిన ఇంగ్లీషు అక్షరం ఒకటి కనబడుతుంది. అక్షరానికొక ఆట: ఇటుకలు పేర్చడం, కార్ల పందెం, ట్యాంకుల యుద్ధం, పాము, రోడ్డు దాటే కప్ప. మీట నొక్కుకుంటూ పోతే కాసేపటికి మళ్లీ మొదటి అక్షరం దగ్గరే తేలతాం. ఆటలు పదో పదిహేనో. మరి తొమ్మిది వేలు ఎక్కడివంటే, ఆటకు ఇన్ని లెవెళ్లు, లెవెలుకు ఇన్ని స్పీడులు, వాటిని ఒకదాంతో ఒకటి హెచ్చవేస్తే ఎంతో కొంత తేలుతుంది. దాన్ని తొమ్మిదుల దగ్గర నిలపడం తయారీదారు రసికత. 99 ఇన్ 1, 999 ఇన్ 1 కూడా అమ్మారు, లోపల సరుకు ఇంచుమించు ఒకటే. దీన్ని అతిశయోక్తి అందామంటే అలంకారశాస్త్రంలో గుణకారానికి చోటు లేదు.

ఇక్కడొక శంక. పదో పదిహేనో అని కళ్లారా చూశాక కూడా కుర్రాళ్లు పెట్టె మీది అంకెను ఎందుకు నమ్మారు? సమాధానం: ఇంట్లో అమ్మను ఒప్పించింది ఆ అంకే. “తొమ్మిది వేల ఆటలమ్మా, రోజుకొకటి ఆడినా ఇరవై ఏడేళ్లు వచ్చిద్ది” అని లెక్క చెప్పి కొనిపించుకున్నవాడు, సాయంత్రానికల్లా పదేనమ్మా అని ఏ మొహంతో చెబుతాడు? కాబట్టి మిగతావి లోపలే ఉన్నాయి, దారి దొరకలేదంతే. వదంతులన్నీ ఆ దారి కోసం వెతుకులాట.

పాఠాంతరాలు: రీసెట్ నొక్కిపట్టి సెల్లులేస్తే మిగతావి వస్తయి అని నందిగామ పాఠం. రీసెట్‌తో పాటు రొటేట్ మీట కూడా నొక్కాలి, సెల్లులు అప్పుడే కొట్లోంచి తెచ్చినవై ఉండాలి, ఆ సమయానికి పక్కన నందిగామ వాడు ఉండకూడదు అని పేట పాఠం.

పేటలో ఈ మాట అంత తేలిగ్గా నాటుకోవడానికి స్థలమహిమ కొంత కారణం. ఊరి పక్క గుట్ట పేరే ధనం బోడు. పేరు విన్నవాడికి గుట్ట కింద లంకెబిందెలు కనబడక మానవు. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించాడు. బయటపడింది బౌద్ధ స్తూపం, చెక్కడపు పలకలు, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు బ్రాహ్మీ శాసనాలు. ఆ పలకల్లో పేరుమోసింది మాంధాత చక్రవర్తిది, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రాజు కుడిచేయి పైకెత్తి నిలబడ్డాడు. మబ్బుల్లోంచి నాణేలు కురుస్తున్నాయి. ఆ కాలపు నాణేలు గుండ్రంగా ఉండవు, పలకలు పలకలుగా ఉంటాయి. అంటే పైనుంచి చదరపు ముక్కలు రాలుతున్నాయి, కింద ఒక మనిషి చేత్తో వాటిని శాసిస్తున్నాడు. ఇటుకలాటకు జన్మస్థానం పేట అని వాదించే పక్షానికి రెండువేల ఏళ్లనాటి రాతి ప్రమాణం ఇంతకంటే ఏం కావాలి? నందిగామ పక్షం మాత్రం ఒకటే అడిగింది: ఆ రాజు ఒక్క లైనన్నా నింపాడా?

సిద్ధాంతం: నింపలేదు. అందువల్ల ఆట పుట్టింది మాస్కోలోనే అని ఒప్పుకోక తప్పదు. 1984లో సోవియట్ సైన్సు అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ దీన్ని ఎలక్త్రోనికా 60 అనే యంత్రం మీద రాశాడు. ఆ యంత్రానికి బొమ్మలు వేయడం రాదు, అక్షరాలు మాత్రమే తెలుసు. ఆయన చదరపు బ్రాకెట్లు పక్కపక్కన పెట్టి ఇటుక అనిపించాడు. కాబట్టి ఆదిమూలంలో ఇటుకే అక్షరం. దీనికి వ్యాఖ్యానం రాస్తున్నానంటే నవ్వినవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదువుకోవచ్చు.

లేఖకదోషాలు: తాళపత్రానికి చెద ఎలాగో, గేముకు కిందపడటం అలాగ. తెరకూ లోపలి బోర్డుకూ మధ్య చారల రబ్బరు పట్టీ ఒకటుంటుంది. కరెంటు ఆ చారల గుండానే తెరకు చేరుతుంది. డబ్బా గచ్చు మీద పడితే పట్టీ కాస్త జరుగుతుంది, ఏదో ఒక వరస గళ్లు మాయమవుతాయి, అంకెల్లో గీతలు ఎగిరిపోతాయి. స్కోరులో ఒక్కో అంకె ఏడు గీతలతో కట్టింది. 8కి నడుమ గీత పోతే 0. కుడివైపు పై గీత పోతే 6. ఎడమవైపు కింది గీత పోతే 9. ఆ 9కి ఎడమ పై గీత కూడా పోతే 3. ఒకే స్కోరును చూసి ఒకడు ఎనిమిది వేలంటే ఇంకొకడు ఆరు వేలనడం, ఇద్దరూ నిజమే చెప్పడం ఇలా సంభవిస్తుంది. పరిష్కర్తలు ఇక్కడ అనుసరించిన పద్ధతి ప్రశంసనీయం: అద్దం అంచును బొటనవేలితో నొక్కిపట్టి చదవడం. నొక్కినంతసేపూ అసలు పాఠం కనబడుతుంది, వదిలితే అపపాఠం. ఎంత గట్టిగా నొక్కాలన్న దగ్గర మళ్లీ మతభేదం. సొంత స్కోరయితే గట్టిగా, ఎదుటివాడిదయితే మెల్లిగా నొక్కడం సంప్రదాయం.

హై స్కోరు అన్నది కూడా అనిత్యమే. సెల్లులు తీయగానే తుడిచిపెట్టుకుపోతుంది. ఒక్కో సెల్లు చొప్పున, మొదటిది వేశాకే రెండోది తీస్తే స్కోరు నిలుస్తుందని రెండు ఊళ్లలోనూ ఏకాభిప్రాయం ఉండేది. అరుదుగా కుదిరిన ఈ ఏకాభిప్రాయం కూడా తప్పే. రెండు సెల్లులూ ఒకే దారిలో వరుసగా ఉంటాయి, ఏ ఒక్కటి తీసినా కరెంటు తెగుతుంది. అంచేత ప్రామాణిక గ్రంథం గేము కాదు, సోషల్ నోట్సు వెనక అట్ట.

మూలం: “లక్ష కొడితే రాకెట్ లేచిద్ది రా.”

టీక: లక్ష = లక్ష పాయింట్లు; కొడితే = సంపాదించినయెడల; రాకెట్ = రాకెట్టు; లేచిద్ది = లేచును; రా = నమ్మమని ప్రార్థన.

విశేషం: దీన్ని చూసినవాడు లేడు. చూసినవాణ్ణి ఎరిగినవాడు మాత్రం ప్రతి వీధిలో ఉండేవాడు. ఈ వ్యాఖ్యాత చాలాకాలం దీన్ని శుద్ధ అబద్ధంగానే ఎంచాడు. తీరా చూస్తే 1989లో నింటెండో వాళ్ల గేమ్ బాయ్‌తో వచ్చిన టెట్రిస్‌లో అచ్చంగా ఇదే ఉంది: లక్ష దాటితే ఆట అయ్యాక తెర మీద రాకెట్ ఎగురుతుంది, స్కోరు ఇంకా పెరిగితే ఇంకా పెద్ద రాకెట్. అంటే వాక్యం అబద్ధం కాదు, మరో శాఖకు చెందింది. ఒక శాఖలోని మంత్రాన్ని ఇంకో శాఖవాళ్లు పఠిస్తే ఫలం రాదు, మంత్రం మాత్రం మంత్రమే. మన శాఖలో ఆట అయిపోతే గళ్లన్నీ కింద నుంచి నిండుకుంటూ వచ్చి తెర నల్లబడేది. నందిగామ వాళ్లు ఆ నిండుకు రావడాన్నే రాకెట్ అన్నారు. దాన్ని ఖండించాల్సిన పని కూడా లేదు.

మూలం: “మ్యూ లారీ కింద ఉంటదంట.”

ఇది తర్వాతి తరం శ్రుతి. అన్నల చేతుల్లో నోకియా పాములు చేరేనాటికి తమ్ముళ్లు నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులిచ్చి, కంప్యూటరు మీదే గేమ్ బాయ్ పోకెమాన్ ఆడేవారు. 1996లో జపాన్‌లో వచ్చిన ఆట అది. ప్రకటించిన జంతువులు 150, వదంతిలో 151. ఆ చివరిది మ్యూ. ఓడరేవులో ఒక లారీ ఉంది, ఆటంతటా అలాంటిది మరొకటి లేదు, దాన్ని జరిపితే కింద మ్యూ ఉంటుందని లోకవాదం. పొద్దస్తమానం సిమెంటు లారీలు తిరిగే పేటలో, ఒక్క లారీ కోసం ఇంత ఆరాటం ఏమిటని అడిగినవాడు లేడు.

తాత్పర్యం: లారీ కింద ఏమీ లేదు. మ్యూ మాత్రం నిజంగా ఉంది. ఆట పూర్తిచేసి, పరీక్షల కోసం పెట్టుకున్న సరంజామా తీసేశాక 300 బైట్లంత జాగా మిగిలితే, షిగెకి మొరిమొటో అనే ప్రోగ్రామరు దాన్ని అందులో ఇరికించాడు. సగం అబద్ధానికి సగం నిజం తోడైతే ఇక దాన్ని ఎవరాపగలరు? చివరికి మూలకర్తలే దిగొచ్చారు. 2004 నాటి సవరించిన ప్రతిలో ఆ లారీ దగ్గర లావా కుకీ అని ఒక బిస్కెట్టు పెట్టారు. వ్యాఖ్యాతల పోరు పడలేక మూలాన్నే దిద్దిన ఘట్టం ఇంత బాహాటంగా ఇంకెక్కడా నాకు కనబడలేదు.

మూలం: “పేరును బట్టి జంతువు వచ్చిద్ది.”

దీన్ని చెప్పినవాడు నందిగామ వాడు. జాతకం చెబుతున్నాడని పేటలో అందరూ నవ్వారు. నిజానికి నవ్వే అర్హత పేటకు లేదు. బేతవోలుగా ఉన్న ఊరిని వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టి పట్నం చేశాడు. పేరు మారితే రూపం మారుతుందని మాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలియాలి?

వాక్యార్థం: ఆటలో విరిడియన్ అనే ఊళ్లో ఒక ముసలాయన జంతువును పట్టడం ఎలాగో చేసి చూపిస్తాడు. ఆ కాసేపూ తెర మీద ఆడేవాడి పేరుకు బదులు ముసలాయన పేరు రావాలి. మరి అసలు పేరును ఎక్కడ దాచాలి? జాగా చాలని యంత్రం, అడవిలో ఏ జంతువులు తిరుగుతాయో రాసుకునే చోట దాన్ని పెడుతుంది. మామూలుగా ఇంకో గడ్డినేలకు పోగానే ఆ చోట కొత్త జాబితా పడుతుంది. సిన్నబార్ దీవి తూర్పు ఒడ్డున నీళ్లంచుకు మాత్రం సొంత జాబితా రాయడం మరిచారు. ముసలాయన దగ్గర్నుంచి తిన్నగా అక్కడికి ఎగిరిపోయి ఈదితే, యంత్రం దాచిన పేరునే జంతువుల జాబితాగా చదువుతుంది. ఇంగ్లీషు ప్రతిలో పేరుకు ఏడు అక్షరాలే చోటు. అందులో మూడు, అయిదు, ఏడో అక్షరాలు ఏ జంతువో తేలుస్తాయి, రెండు, నాలుగు, ఆరో అక్షరాలు దాని లెవెలును తేలుస్తాయి. 100 దాటకూడని లెవెలు 128 పైకి పోయేది అందుకే, ఆ యంత్రం లెక్కలో పెద్ద ‘ఎ’ అక్షరం విలువ 128. ఏ జంతువుకూ కేటాయించని అంకె తగిలితే వచ్చేది మిస్సింగ్ నో, అంటే నంబరు లేదని రాసిపెట్టుకున్న ఖాళీ పేజీ, చెదిరిన గళ్ల ముద్దగా లేచి యుద్ధానికి వస్తుంది. నామమే రూపం దాల్చడం ఆలంకారికుల చమత్కారం అనుకునేవాణ్ణి. ఇక్కడ నడుస్తున్న వ్యవహారమే అది.

పేట పాఠంలో ఇంకొక వాక్యం అదనం: అది ఎదురైతే సంచిలో ఆరో వస్తువు నూటికి పైగా పెరుగుతుంది. ఇదీ నిజమే. దాని వెనకే వచ్చే నష్టాన్ని మాత్రం పేటవాళ్లు చెప్పకుండా మింగారు: ఆట గెలిచినవాళ్ల బొమ్మలు దాచుకునే హాల్ ఆఫ్ ఫేమ్ చిందరవందర అవుతుంది. నందిగామ వాళ్లకు ఆ సంగతి మేం చెప్పలేదు. హాల్ ఆఫ్ ఫేమ్ దాకా పోయినవాడు అక్కడ ఒక్కడూ లేడు, చెప్పినా వాళ్లకు పోయేదేముంది!