కోడే చట్టం, డబ్బు పోయేదాకా

స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాం. షరతు నెరవేరితే డబ్బు దానంతటదే చేతులు మారుతుంది. గుమాస్తా, ప్లీడరు, అమీనా ఎవరూ అక్కర్లేదు. దీని భక్తులు ఇంకో మెట్టెక్కి, కోడే చట్టమన్నారు. అందులో రాసిందే ఒప్పందమట, కోర్టుకు అక్కడ పనేమీ లేదట. ఈ సిద్ధాంతం 2016 జూన్ 17 దాకా నిక్షేపంగా నడిచింది.

ఆ ఏడాది ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ‘ది డావో’ అనే పెట్టుబడి నిధి వెలిసింది. డైరెక్టర్లు లేరు, మేనేజరు లేడు, సభ్యుల ఓట్లే దిక్కు. దాదాపు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్, అంటే అక్కడ చెలామణీ అయ్యే క్రిప్టో నాణెం, పోగైంది. మామూలు భాషలో ఇచ్చిన వివరణ ఏదైనా సరే, చెల్లేది కోడేనని నిబంధనల్లోనే రాసుకున్నారు. ఆ మాటను అక్షరాలా పట్టించుకున్నవాడు ఒక్కడే కనిపిస్తాడు. వాటా తీసుకుని విడిపోయేవారికి ఆ ప్రోగ్రాం ముందు ఈథర్ పంపి, తర్వాత పద్దులో కొట్టేసేది. కొట్టేసేలోగా అతగాడు మళ్లీ మళ్లీ అడిగాడు, అది మళ్లీ మళ్లీ ఇచ్చింది. 36 లక్షల ఈథర్ తరలిపోయింది. కోడ్ ఇవ్వనిచ్చిందే తీసుకున్నానంటూ అతని పేరిట ఒక బహిరంగ లేఖ కూడా వెలువడింది.

సిద్ధాంతం ప్రకారం అతనికి సన్మానం జరగాలి. జరిగింది మాత్రం ‘దొంగ, దొంగ’ అన్న గోల. దొంగతనమనే మాట ఆ కోడ్‌లో ఏ వరుసలోనూ లేదు. అది వాళ్లు వద్దనుకున్న పాత చట్టం సొత్తు. ఎత్తుకెళ్లిన ఈథర్‌ను కొన్ని వారాల పాటు కదలనివ్వని గడువు ఉండబట్టి, జూలై 20న నెట్‌వర్క్ నియమాలనే మార్చే హార్డ్ ఫోర్క్ చేసి, చెరగదని చెప్పిన లెక్కనే మార్చి సొమ్ము వెనక్కి తెచ్చారు. ఒప్పుకోనివారు ఇథీరియం క్లాసిక్‌గా విడిపోయారు. మొండివాళ్లే గానీ మాట మీద నిలబడ్డవాళ్లు.

భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఇరుపక్షాలూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అంటుంది 13వ సెక్షను. ఒప్పందం చెల్లదని తేలితే పొందింది తిరిగివ్వాలంటుంది 65వ సెక్షను. హార్డ్ ఫోర్క్ చేసిందీ దాదాపు అదే. కాకపోతే నోటీసు లేదు, విచారణ లేదు, అప్పీలూ లేదు. అవతలివాడు మైనరా అని కోడ్ అడగదు, 11వ సెక్షను అడుగుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షను ఎప్పుడో చెప్పింది.

మనిషి లేని బేరం కోర్టులకు వింతేమీ కాదు. స్మార్ట్ కాంట్రాక్టుకు పేరు పెట్టిన నిక్ సాబో దాని పూర్వీకుడిగా చూపింది నాణెం వేస్తే సరుకిచ్చే యంత్రాన్ని. టికెట్టిచ్చే పార్కింగ్ యంత్రంతో ఒప్పందం ఏ క్షణాన కుదిరిందో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1970లోనే, థార్న్‌టన్ కేసులో తేల్చింది.

అలాగని చట్టం ప్రతిసారీ కోడ్‌ను కొట్టేయదు. 2017లో సింగపూర్ క్రిప్టో ఎక్స్ఛేంజీ క్వోయిన్‌లో సాంకేతిక లోపం వల్ల మార్కెట్ ధరకు సుమారు 250 రెట్ల రేటుకు ఈథర్ అమ్ముడైంది. ఎక్స్ఛేంజీ ఆ లావాదేవీలను రద్దు చేసింది. అలా చేయడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనని 2020లో అక్కడి అప్పీలు కోర్టు ఖరారు చేసింది. పొరపాటు తెలిసే లాభపడ్డారా అని చూడాలంటే ప్రోగ్రాం రాసిన మనిషి మనసులో ఏముందో చూడాలంది.

స్మార్ట్ కాంట్రాక్టులకు ఉన్న చట్టమే సరిపోతుందని, కొత్త చట్టం అక్కర్లేదని ఇంగ్లండ్, వేల్స్ లా కమిషన్ 2021 నవంబరులో తేల్చి చెప్పింది.