పదకొండు నెలల రాజ్యాంగం

అశోక్‌నగర్‌లో సొంతిల్లు ఉందంటే సగం సర్కారు కొలువు చేస్తున్నట్టే. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, హాల్‌టికెట్లు ఎప్పుడొస్తాయో, కీలో ఎన్ని తప్పులు దొర్లాయో ఇస్త్రీ బండి దగ్గర కాసేపు నిలబడితే చాలు, అన్నీ తెలిసిపోతాయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నడిచి పోయేంత దూరం, కోచింగ్ సెంటర్లు అంతకన్నా దగ్గర. ఈ పేటలో ఎవరైనా గదిని ఖాళీగా ఉంచుకుంటే, పాపం ఒంట్లో బాగాలేదేమోనని ఇరుగుపొరుగు పలకరించి పోతారు.

మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక వాడి గది ఖాళీ అయింది. వెంటనే గేటుకు బోర్డు కట్టాను: ‘ఫర్నిష్డ్ రూం, విద్యార్థులకు మాత్రమే, లైబ్రరీ దగ్గర’. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు కూడా దగ్గరేనన్న సంగతి చోటు చాలక రాయలేదు.

ఫర్నిష్డ్ అంటే మరేం లేదు. మేం వాడటం మానేసి, అమ్ముదామంటే ధర రాక, పారేద్దామంటే మనసు రాక ఉంచుకున్న సామానంతా ఆ గదిలోనే ఉంది. మా నాన్నగారి టేకు మంచం ఆయన కొలతలకు చేయించింది. అంతకన్నా పొడుగ్గా పెరిగినవాళ్లు కాళ్లు ముడుచుకోవాలి. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషను తల విప్పేసి, పైన చెక్క వేస్తే చదువుకునే బల్ల అయింది. కింద పెడల్ మాత్రం అలాగే ఉంది. కుర్రాడు చదువులో మునిగితే కాలు దానంతటదే పెడల్ తొక్కుతుంది. ‘కిర్రు కిర్రు’మని వినపడుతున్నంతసేపూ లోపల దేశ చరిత్ర సాగుతున్నట్టు, చప్పుడు ఆగితే ఫోన్ చూస్తున్నట్టు. ఇక బీరువా. పై రెండు అరలు అద్దెకుండేవాళ్లవి. కింది అరలు, లాకరు మా ఆవిడవి. ఈ సరిహద్దు ఒప్పంద పత్రంలో లేదు, ఉండాల్సింది.

ఆ గదిలోకి వచ్చినవాడు జగిత్యాల అబ్బాయి. 2022 ఏప్రిల్‌లో గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది. తెలంగాణ వచ్చాక అదే మొదటిది, 503 పోస్టులు. తల్లీతండ్రీ బియ్యం బస్తాతో సహా వచ్చి కొడుకుని దింపారు.

“సారూ, అండ్ల ఒకటి మావోనిదే అనుకోండ్రి. ఇగ 502 తక్కినోళ్లకు” అన్నాడు తండ్రి, ఎంతో ఉదారంగా.

అద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాసుకున్నాం. ఏడాది దాటే లీజులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి చట్టం చెబుతుంది కాబట్టి, దేశమంతా పదకొండు నెలలకే రాసుకుంటుంది. ‘పదకొండు నెలలు చాలు, ఈలోగా ఆఫీసరై జీపులో పోతాడు’ అని మా ఆవిడ లెక్క. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశాడు. మార్చిలో పేపర్ లీకైందని తేలి పరీక్ష రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశాడు. సెప్టెంబరులో కోర్టు అదీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. రద్దయినప్పుడల్లా కుర్రాడు సిలబస్ మొదటి పేజీ తీసేవాడు, నేను స్టాంపు పేపరు తెచ్చేవాణ్ని.

మొదటి వారంలోనే గోడకు నిబంధనల కాగితం అంటించాను. రాత్రి పదింటికి గేటుకు తాళం. ఇండక్షన్ స్టవ్ నిషేధం. స్నేహితులు రాత్రిళ్లు ఉండరాదు. వాడు దాన్ని పాలిటీ పుస్తకం చదివినట్టు పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాడు.

“అంకుల్, దీంట్ల సవరణ పద్ధతి లేదు. రాజ్యాంగంల 368 ఉన్నట్టు ఏదన్న ఉండాలె గద?”

“ఇల్లు నాదయ్యా” అన్నాను కాస్త గట్టిగానే.

“ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాదంకుల్. 44వ సవరణల, 1978ల తీసేసిన్రు. ఇప్పుడు 300-ఎ కింద ఉన్నది.”

ఇరవై ఏళ్లు కిస్తీలు కట్టి, ఆస్తి పన్ను రసీదులు ఫైలు చేసుకున్న మనిషికి, నెలనెలా అద్దె ఇచ్చేవాడి నోట ఇలాంటి వార్త వినడం కష్టంగానే ఉంటుంది. ఆ రాత్రి గేటు తాళం పదిన్నరకు జరిగింది. మొదటి సవరణ అదే.

బీరువా వివాదం శ్రావణమాసంలో వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి పట్టుచీర కావాలని మా ఆవిడ తలుపు తట్టకుండానే గదిలోకి వెళ్లింది. లోపల కుర్రాడు తువ్వాలుతో ఉన్నాడు. బయటికొచ్చాక కొంచెం సేపటికి చాలా మర్యాదగా అన్నాడు:

“ఆంటీ, గోప్యత ప్రాథమిక హక్కు. 2017ల సుప్రీంకోర్టు, తొమ్మిది మంది జడ్జిలు ఒక్కటే మాట మీద చెప్పిన్రు. పుట్టస్వామి కేసు.”

“ఆ తొమ్మిది మందిలో ఒక్కరి భార్య పట్టుచీరలైనా అద్దె గది బీరువాలో ఉన్నాయా నాయనా?” అంది మా ఆవిడ.

దానికి తీర్పు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చివరికి తలుపు తట్టి, పది అంకెలు లెక్కపెట్టి లోపలికి వెళ్లాలని రాజీ కుదిరింది. మా ఆవిడ తడుతూనే ఒకటి నుంచి పది దాకా ఒక్క ఊపిరిలో లెక్కపెడుతుంది.

కరెంటు మీటరు అందరికీ ఒక్కటే. అది నెలాఖరున ఇంట్లో అత్యవసర పరిస్థితి తెచ్చేది. ఇక్కడ వాడకం 200 యూనిట్లు దాటిందంటే పైబడిన వాటికే కాదు, తొలి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. అంకె నూటతొంభైకి చేరగానే నేను మీటరు ముందు కుర్చీ వేసుకునేవాణ్ని. గదిలోంచి ఫోన్ ఛార్జరు పీకిన చప్పుడు వినిపించేది. మంచం కింద దాగిన ఇండక్షన్ స్టవ్ సంగతి నాకు తెలుసని వాడికీ తెలుసు. కాకపోతే అర్ధరాత్రి కోడిగుడ్డు అట్టు వాసన వచ్చినప్పుడు అడగబోతే, మా ఆవిడ ‘ఆకలేసిందేమో, పడుకోండి’ అనేది. ప్రతిపక్షం ఇంట్లోనే ఉంటే ఏ ప్రభుత్వమూ గట్టిగా పాలించలేదు.

అద్దె పంచుకోవడానికంటూ మహబూబాబాద్ నుంచి ఇంకో కుర్రాణ్ని తెచ్చాడు. అతనిది ఎస్సై పరీక్ష. పుస్తకాల కన్నా పరుగు మీద దృష్టి ఎక్కువ. మగవాళ్లకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. తెల్లవారుజామున గేటు కీచుమంటే వీధికుక్కలన్నీ లేచేవి, వాటితో పాటు నేనూ. ఎలాగూ లేచానని ఇందిరాపార్కుకు వాకింగ్‌కు బయల్దేరితే, చేతిలో ఫోన్ పెట్టి “అంకుల్, టైం చూడుండ్రి” అన్నాడు. అప్పటి నుంచి నేను చెట్టు కింద నిలబడే ఉద్యోగిని. వాడు ఎనిమిది నిమిషాలు దాటి వచ్చిన రోజున నాకే ఆయాసం వచ్చేది. ఒకరోజు పార్కులో తోటి పెన్షనరు ‘మీ అబ్బాయా?’ అని అడిగితే ‘కాదు, కిరాయిదారు’ అందామని నోరు తెరిచి, “అవును, ఇంకో పదిహేను సెకన్లు తగ్గాలి” అన్నాను.

అద్దెకు ఇచ్చింది గది ఒక్కటే అనుకున్నాం గానీ, సామాను జాబితాలో మేమూ ఉన్నామని అప్పటికి అర్థమైంది. మా ఆవిడైతే మొదటి నెల నుంచే ఉంది. జగిత్యాల నుంచి ప్రతి ఆదివారం ఫోన్.

“అక్కా, మావోడు తింటున్నడా? సదువుతున్నడా?”

కొత్త సినిమా వారంలో ఈ ప్రశ్న కష్టమైంది. మా ఆవిడ అబద్ధం ఆడదు. “పొద్దున్నే లేచి వెళ్లాడండీ, చాలామంది పిల్లలతో కలిసి లైన్లో కూడా నిలబడ్డాడట” అనేది. ఆ తల్లి లైబ్రరీలో సీట్ల కోసం ఎంత పోటీయో అని బాధపడేది. సంక్రాంతికి మాకోసం డబ్బాడు సకినాలు పంపింది. ఆ నెల స్నేహితుడొకడు నాలుగు రాత్రులు మా ఇంట్లో ఉన్నా, గోడ మీది మూడో నిబంధన ఎవరికీ గుర్తురాలేదు.

చివరికి గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంటుగా ఎంపికయ్యాడు. ఎస్సై కుర్రాడు కానిస్టేబులయ్యాడు. జీపు రాలేదు గానీ ఆటో వచ్చింది. సామాను ఎక్కిస్తూ తండ్రి నన్ను పక్కకు పిలిచాడు. “సారూ, చిన్నోడు కూడ డిగ్రీ అయిపోయిండు. గది ఎవ్వలకియ్యకుండ్రి.”

చిన్నవాడు వచ్చే ముందురోజు అద్దె ఎంత పెంచాలని చర్చ వచ్చింది. నేను వెయ్యి అన్నాను. మా ఆవిడ రూపాయి కూడా పెంచడానికి వీల్లేదంది. గోడ అవతల ఇన్నేళ్లు పాలిటీ విన్నది నేనొక్కణ్నే అనుకున్నాను.

“ఇంటి కాగితాలు నా పేరు మీద ఉన్నాయి” అన్నాను.

“ఉంటాయి. రాష్ట్రపతి పేరు మీదే అన్నీ ఉంటాయి. మంత్రిమండలి చెప్పినచోట సంతకం పెట్టాలి. 42వ సవరణ.”

“44వ సవరణ ప్రకారం ఒకసారి పునఃపరిశీలనకు వెనక్కి పంపొచ్చు” అన్నాను, నా ఆస్తి హక్కు తీసేసిన సవరణలోనే నాకొక హక్కు మిగిలినందుకు సంతోషిస్తూ.

“పంపండి.”

పంపాను. వంటింట్లోకి వెళ్లి, పోపు వేసి, తిరిగొచ్చింది. “పునఃపరిశీలించాం. పాత అద్దే. పెట్టండి సంతకం.”

పెట్టాను. పదకొండు నెలలకు.