రాని సరుకుకి ముందే రొక్కం: ఒక విశాఖ మార్గదర్శిని

ఇంట్లో అందరూ పడుకున్నాక కొనాలి. ఇది మొదటి నియమం. పగటిపూట కొంటే ఎవరో ఒకరు భుజం మీంచి తొంగిచూసి "ఏటదీ?" అంటారు. సీజన్ పాస్ అమ్మేవాళ్ల వ్యాపారమంతా ఆ ప్రశ్న ఎవరూ అడక్కపోవడం మీదే నడుస్తోంది.

తెర మీద మూడు పెట్టెలుంటాయి: స్టాండర్డ్, డీలక్స్, అల్టిమేట్. మొదటిదాన్లో గేమ్ తప్ప ఏమీ ఉండదు కాబట్టి అటు చూడొద్దు. మూడోదాన్లో గేమ్‌తోపాటు సీజన్ పాస్ ఉంటుంది. ఈ గేమ్‌కి మేం ముందుముందు కొత్త కథలు, కొత్త ఊళ్లు, కొత్త కత్తులు తయారుచేస్తాం, వాటి ఖరీదు మీరు ఇవాళే కట్టేయండి అని దాని తాత్పర్యం. ఏ కథలు, ఏ ఊళ్లు అన్నచోట ఒక నల్లటి నీడబొమ్మ, దాని కింద "త్వరలో". మన సినిమావాళ్లూ నీడబొమ్మలతో పోస్టర్లు వేస్తారు గానీ, పాపం, చూసినందుకు టికెట్టు డబ్బులు అడగరు. మీరు మాత్రం నీడని చూసి కట్టగలగాలి. కట్టలేనివాళ్లు ఇక్కడే చదవడం ఆపెయ్యొచ్చు, వాళ్లకి నేను నేర్పేదేమీ లేదు.

కాస్త చరిత్ర తెలిసుంటే బటన్ నొక్కేటప్పుడు చెయ్యి వణకదు. 2006 ఏప్రిల్‌లో బెథెస్డా అనే కంపెనీ ఆబ్లివియన్ గేమ్‌లో గుర్రానికి కవచం తయారుచేసి రెండున్నర డాలర్లకి అమ్మింది. జనం నవ్వారు, తిట్టారు, కొన్నారు. ఆర్కే బీచ్ గుర్రంవాడు వాళ్లకంటే నిజాయితీపరుడు. ముందు గుర్రాన్ని తెచ్చి ఎదురుగా నిలబెడతాడు, ఆ తర్వాతే బేరం. 2011లో రాక్‌స్టార్ వాళ్లు ఎల్.ఎ. నోయిర్ అనే గేమ్‌కి "రాక్‌స్టార్ పాస్" పెట్టి, ఒక్కో ముక్కా వచ్చినప్పుడల్లా కొనే శ్రమ మనకి తప్పించారు. విడివిడిగా కొనేకన్నా అన్నీ కలిపి ముందే కట్టేస్తే చవక అన్నారు. చవకే. కాకపోతే దేనికన్నా చవకో తెలియడానికి ఆ ముక్కలు రావాలి.

రెండో నియమం. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన తండ్రి ఉంటే ఆయన దగ్గర, ఈ ముక్కల్ని పిలిచే "ఎక్స్‌పాన్షన్" అన్న మాట ఎత్తొద్దు. నేను ఎత్తాను. ఉక్కునగరంలో పెరిగినవాణ్ణి, ఆ మాట బరువు నాకు తెలిసుండాల్సింది. గోదావరి, కృష్ణ అని పేర్లున్న రెండు బ్లాస్ట్ ఫర్నేసులకి తోడు అన్నపూర్ణ అనే మూడోది 2012లో వెలిగిందే, మా క్వార్టర్లలో ఎక్స్‌పాన్షన్ అంటే అది.

"ఎక్స్‌పాన్షన్ కొన్నాను నాన్నా."

"దేనికిరా?"

"గేమ్‌కి."

"వచ్చిందా?"

"వచ్చే ఏడాది వస్తుంది."

"మరి డబ్బులు?"

"ఇచ్చేశాను."

ఆయన సర్వీసంతా కాంట్రాక్టుల సెక్షన్‌లో గడిపిన మనిషి. టీ గ్లాసు కింద పెట్టాడు. "అడ్వాన్స్ ఇవ్వడం తప్పు కాదురా. మేమూ ఇచ్చేవోళ్లం. మొబిలైజేషన్ అడ్వాన్స్ అంటారు దాన్ని. కాంట్రాక్టరు మనుషుల్నీ మిషన్లనీ సైటుకి తెచ్చుకోవాలి కదా, దానికి. కాకపోతే అంతకి సరిపడా బ్యాంక్ గ్యారంటీ పెట్టించుకుని ఇస్తాం. రేపు ఆడు ఎగ్గొడితే బ్యాంకు కడతాది. నీకేటి గ్యారంటీ ఇచ్చాడు?"

"స్టోర్ పేజీలో రాశాడు నాన్నా."

"ఏటని?"

"ప్లాన్‌లో మార్పులు ఉండొచ్చు అని."

తర్వాత ఆయన చెప్పిందంతా రాయను. సెక్యూరిటీ డిపాజిట్ గురించి మాత్రం చెప్పుకోవాలి. పని పూర్తయినా కాంట్రాక్టరుకి డబ్బు మొత్తం ఇచ్చెయ్యరట. కొంత ఆపుతారు. లోపాలు బయటపడితే బాగుచేసి పెట్టాల్సిన గడువొకటుంటుంది, అది దాటాకే ఆ మిగిలింది వదుల్తారు. కాబట్టి పాఠకులకి నా సలహా: బటన్ నొక్కేముందు గేమ్ కంపెనీకి ఒక ఉత్తరం రాయండి. అయ్యా, మీకు అడ్వాన్స్ ఇవ్వడానికి మాకేం అభ్యంతరం లేదు, జాతీయ బ్యాంకు ఏదైనా సరే ఒక గ్యారంటీ పత్రం పంపగలరు, పదోవంతు సొమ్ము మాత్రం మొదటి ప్యాచ్ పని చేసేదాకా మా దగ్గరే ఉంచుకుంటాం అని. జవాబు రాదు. ఫరవాలేదు, దానికోసం ఎదురుచూడటం మంచి సాధన, ఎక్స్‌పాన్షన్ కోసం ఎదురుచూసేటప్పుడు అక్కరకొస్తుంది.

పోర్టువైపు బంధువులున్నా ఇదే ప్రమాదం. మా బావ క్లియరింగ్ ఏజెంటు దగ్గర పనిచేస్తాడు. ఆయన లోకంలో సరుకు ఓడెక్కినట్టు బిల్ ఆఫ్ లేడింగ్ చేతికొచ్చి, కాగితాలన్నీ సరిగ్గా ఉంటేనే ఎల్‌సీ అనే హామీ పత్రం మీద బ్యాంకు డబ్బు వదుల్తుంది. "వస్తుందని నమ్మకముంది" అన్న కాగితాన్ని ఏ బ్యాంకూ తీసుకోదు. ఇంకా గొప్ప సంగతి డెమరేజ్. ఒప్పుకున్న గడువులో సరుకు దించకపోతే ఓడ ఊరికే నిలబడినందుకు రోజుకింత అని ఓడవాళ్లకి కట్టాలి. 1933లో తెరిచిన ఈ పోర్టులో ఆలస్యానికి రేటుంది.

"ఆడు లేటు చేస్తే నీకు రోజుకెంత వస్తాది బామ్మర్దీ?"

"ఏం రాదు బావా. సారీ చెబుతూ పోస్టు పెడతారు."

ఆ పోస్టుల్ని తక్కువగా చూడొద్దు. సైబర్‌పంక్ 2077 అనే గేమ్ వాయిదా పడ్డ ప్రతిసారీ సీడీ ప్రాజెక్ట్ వాళ్లు పసుపు రంగు మీద నల్లటి అక్షరాలతో అందంగా అచ్చేశారు. 2020 ఏప్రిల్ అన్నది సెప్టెంబరైంది, నవంబరైంది, ఆఖరికి డిసెంబరు 10న వచ్చింది. వచ్చిన వారం పైచిలుక్కే ప్లేస్టేషన్ స్టోర్ దాన్ని అమ్మకం నుంచి తీసేసింది. పెళ్లి శుభలేఖకి కూడా పసుపు పూస్తాం గానీ ఒకే పెళ్లికి ఇన్నిసార్లు పుయ్యం.

మూడో నియమం ఓపిక. ఇందులో మాత్రం విశాఖవాళ్లకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రోడ్డెక్కారు. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి ఫర్నేసు వెలిగింది 1990లో. పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. రాయికీ ఉక్కుకీ మధ్య ఇరవై ఏళ్లు నిలబడ్డ ఊళ్లో ఉంటూ, రెండో ఎక్స్‌పాన్షన్ ఆర్నెల్లు ఆలస్యమైందని కీబోర్డు విరగ్గొట్టుకునే కుర్రాళ్లని చూస్తే నాకు సిగ్గేస్తుంది.

భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఒకే గేమ్‌ని రెండుసార్లు ప్రీ-ఆర్డర్ చెయ్యడం ఎలాగో అది చూసి నేర్చుకోవాలి. విశాఖ రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో వచ్చింది, జోన్ ఆఫీసుకి పునాదిరాయి 2025 జనవరిలో పడింది.

హాస్యం కాసేపు పక్కన పెట్టాల్సిన కాగితం ఒకటి ఈ ఊళ్లో ఉంది. ఆర్-కార్డు. స్టీల్‌ప్లాంట్ కోసం ఊళ్లకి ఊళ్లు లేచిపోయాయి. వాళ్లు భూమి ముందు ఇచ్చారు. ఉద్యోగం తర్వాత వస్తుందన్న హామీతో నిర్వాసిత కుటుంబాల చేతికి ఆ కార్డొచ్చింది. చాలామందికి ఉద్యోగాలు వచ్చాయి, వేలమందికి రాలేదు. కార్డు మాత్రం తండ్రి చేతిలోంచి కొడుకు చేతికి వచ్చింది, గాజువాక చుట్టుపక్కల ఇప్పటికీ దాన్ని పట్టుకుని ధర్నాలో కూర్చునేవాళ్లున్నారు. రెండు వేలు పోగొట్టుకున్న నా సీజన్ పాస్‌ని దాని పక్కన పెట్టడం నాకే బాగాలేదు. ఒక్క ముక్క చెప్పడానికే పెట్టాను: ముందు ఇచ్చేసినవాడి చేతిలో అడగడం తప్ప ఇంకేమీ మిగలదు.

2024 నవంబరులో స్టీమ్ అనే గేమ్‌ల స్టోర్ వాళ్లకి ఈ సంగతి తట్టినట్టుంది. సీజన్ పాస్ అమ్మేవాళ్లు అందులో ఏమేం వస్తాయో, సుమారుగా ఎప్పుడొస్తాయో ముందే రాయాలన్నారు. తేదీ జరుపుకోవాలంటే ఒక్కసారే, అదీ మూడు నెలలకి మించకుండా. ఏదైనా రద్దు చేస్తే దాని విలువ కొన్నవాళ్లకి వెనక్కివ్వాలి. నాన్నకి ఈ నియమాలు చదివి వినిపించాను. "శిలాఫలకాలకి కూడా పెడితే బాగుణ్ణు" అన్నాడు.

మేనల్లుళ్లున్నవాళ్లకి వేరే కోర్సు. వాళ్లు ఎక్స్‌పాన్షన్లు కొనరు, పబ్జీలో రాయల్ పాస్ కొంటారు. సీజన్ మొదట్లో కట్టడం, ఆ తర్వాత రాత్రింబగళ్లు ఆడి, కట్టిన డబ్బుకి సరిపడా బహుమతులు సంపాదించుకోవడం. జీతం ముందే ఇచ్చి పనికెళ్లడం అన్నమాట. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం ఆ గేమ్‌ని నిషేధించింది, అక్టోబరు 30న సర్వర్లు ఆగిపోయాయి. మరుసటేడు జూలైలో బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది, 2022 జూలైలో మళ్లీ స్టోర్లలోంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. "మా కాంట్రాక్టుల్లో ఇలా ఎవరి చేతుల్లోనూ లేని ఆటంకాలకో క్లాజు ఉంటాదిరా, ఫోర్స్ మజూర్ అని" అన్నాడు నాన్న. మేనల్లుడికి క్లాజు అక్కర్లేదు, ఇంకో ఐదొందలు కావాలి.

ఇక ధైర్యం కావాలంటే 2015 చూడండి. ఆ జూన్‌లో బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్ వచ్చింది. గేమ్ 60 డాలర్లు, సీజన్ పాస్ 40. కంప్యూటర్ల మీద అది ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, కొద్దిరోజులకే కంపెనీ దాని అమ్మకం ఆపేసింది. అక్టోబరు చివర్లో మళ్లీ పెట్టారు, అప్పటికీ కుదుటపడకపోతే అడిగినవాళ్లకి డబ్బు వాపస్ ఇచ్చారు. ఇక్కడ నేర్చుకోవాల్సిన పాఠం, ఇల్లు కురుస్తుండగానే మేడ మీద గదికి డబ్బు కట్టడం. మధురవాడలో ప్రీ-లాంచ్ ఆఫర్లో ఫ్లాట్ కొన్నవాళ్లకి ఇది సులభంగా పట్టుబడుతుంది.

అబద్ధం ఎందుకు, అదే 2015లో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. ది విచర్ 3 వాళ్లు గేమ్ రాకముందే ఎక్స్‌పాన్షన్ పాస్ అమ్మకానికి పెట్టారు. అనుమానముంటే ఇప్పుడే కొనొద్దు, ముందు గేమ్ ఆడి చూడండి అని కూడా వాళ్లే చెప్పారు. హార్ట్స్ ఆఫ్ స్టోన్ ఆ అక్టోబరులో, బ్లడ్ అండ్ వైన్ మరుసటేడు మేలో వచ్చాయి. రెండోది ఎంత బాగుందంటే, 2016 గేమ్ అవార్డ్స్‌లో పెద్ద గేమ్‌లని తోసి ఉత్తమ రోల్‌ప్లేయింగ్ గేమ్ బహుమతి పట్టుకుపోయింది. ముందే కట్టినవాళ్లెవరూ బాధపడలేదు. కానీ 2016 ఆగస్టులో గేమ్‌నీ రెండు ఎక్స్‌పాన్షన్లనీ కలిపి గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్ వచ్చింది, అసలు గేమ్ మొదటిరోజు ధరకి మించకుండా. అంటే సీజన్ పాస్‌కి ఎంత మంచి రోజులొచ్చినా, పదిహేను నెలలు ఆగినవాడు దాని మీద గెలిచాడు. ఇక చెడ్డ రోజుల లెక్క మీరే వేసుకోండి. పసుపు పోస్టులు పెట్టిందీ ఈ కంపెనీయే అని గుర్తుంటే, అమ్మేవాడి మంచితనం కూడా బ్యాంక్ గ్యారంటీ కాదని తెలుస్తుంది.

చివరి నియమం, కొన్నాక ఏం చెయ్యాలి. కొత్త గేమ్ మీద మోజు నలభై రోజులుంటుంది, మొదటి ఎక్స్‌పాన్షన్ ఏడాదికొస్తుంది. ఈలోపు మీరు ఆ గేమ్‌లో ఏ బటన్ దేనికో మర్చిపోతారు, కథలో ఎవడు ఎవడికి తమ్ముడో మర్చిపోతారు, జాగా చాలక ఆ వంద జీబీ గేమ్‌ని తీసేసి ఉంటారు. అప్పుడొస్తుంది కబురు: మీరు ఎదురుచూస్తున్న ఎక్స్‌పాన్షన్ సిద్ధం అని. దయచేసి ఎదురుచూస్తూ ఉన్నట్టు నటించండి.

నా సంగతి అడుగుతారేమో. గేమ్ పేరు చెప్పను, కంపెనీ పేరూ చెప్పను. మూడు భాగాలు రావాలి. మొదటిది వచ్చింది, నాలుగు గంటల కథ, ఫరవాలేదు. రెండోదాన్లో ఒక మ్యాపు, ఎనిమిది చొక్కాలు. మూడోదానికి ప్లాన్‌లో మార్పులొచ్చాయి. ఇవాళ స్టోర్‌లో గేమూ పాసూ కలిపి, నేను ఒక్క పాస్‌కి కట్టినదానికన్నా తక్కువకి దొరుకుతున్నాయి. నాన్న నెలకోసారి పింఛను పాస్‌బుక్కు ఎంట్రీ చేయించుకొచ్చిన రోజున, మర్చిపోకుండా అడుగుతాడు.

"ఏరా, మూడో ఫర్నేసు వెలిగిందా?"

మీరు మాత్రం ముందు కట్టకండి. అన్ని ముక్కలూ వచ్చాక, బాగున్నాయని ఆడినవాళ్లు చెప్పాక, మొత్తం కలిపి కొనుక్కోండి. స్టీమ్ వాళ్ల చలికాలం సేల్ ఏటా డిసెంబరులో వస్తుంది. అదింతవరకూ వాయిదా పడలేదు.