లాగితే చప్పట్లు కొట్టే సీమలో

మా కడప జిల్లాలో లాగడమంటే గౌరవం. తిరునాళ్ల వస్తే చాలు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఎద్దుల బండలాగుడు పోటీలే. పాలపళ్ల కోడెలకొక విభాగం, రెండు పళ్లవాటికొకటి, పెద్దెద్దులకొకటి. ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. అంగుళాల తేడాతో ప్రైజు పోగొట్టుకున్న ఆసామికి ఆ రాత్రి సంగటి ముద్ద దిగదు. ఇట్లాంటి గడ్డమీద కుక్కకు లాగొద్దని నేర్పబూనుకున్నా నేను.

మా టైగర్ లాబ్రడార్. తారురోడ్డు కాలకముందే, తెల్లారుజామున బయల్దేరతాం. గేటు తీయడం ఆలస్యం, ముందుకు వంగి, గోళ్లు నేలకు పాతి, గొంతు గరగరలాడుతున్నా లాగుతుంది. వెనకాల నేను, ఒక చెప్పు కాలికి, ఒకటి రోడ్డుమీద. "ఏమప్పా, నువ్వు కుక్కను తిప్పుతాండావా, అది నిన్ను తిప్పుతాందా?" టీ అంగడి దగ్గర రోజూ ఇదే ప్రశ్న. అడిగేవాళ్లే మారతారు.

"మెడకు ముళ్ల పట్టీ కట్టు అల్లుడా, దెబ్బకు దారికొస్తాది" అన్నాడు జమ్మలమడుగు మామ. ఆయనకు ఎద్దైనా అల్లుడైనా ముల్లుగర్రే. పులివెందుల బావ గొలుసు చేతికి తీసుకుని వీధి చివరిదాకా కొట్టుకుపోయి, రొప్పుతూ తిరిగొచ్చి, "దీనికి జత చూడు బా, బండకు కడదాం" అన్నాడు. అది మెప్పే!

నిజానికి కుక్క పొగరుతో లాగదు. దాని నడక మనకంటే జోరు. ముక్కుకు మటన్ అంగడి తగిలింది, లాగింది, అంగడి దగ్గరైంది. లాగితే పనవుతుందని తెలిశాక ఎందుకు మానుతుంది? కాబట్టి గొలుసు బిగిస్తే మనం ఆగాలి, వదులైతే నడవాలి, పక్కన బుద్ధిగా నడిస్తే ఉడికించిన కోడిముక్క అక్కడికక్కడే నోటికందించాలి. వీపుమీద కొక్కెమున్న పట్టీ కొంటే మాత్రం చేజేతులా చెడగొట్టుకున్నట్టే. మంచు దేశాల్లో బండ్లు లాగే కుక్కలకు కట్టేది అట్లాంటిదే. రొమ్ముదగ్గర కొక్కెమున్నదైతే, లాగినప్పుడల్లా ఒళ్లు మనవైపు తిరుగుతుంది. జీర్ణక్రియ మీద పరిశోధనకు శాస్త్రవేత్త పావ్లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది, చాలామటుకు కుక్కల పుణ్యమే. అయితే ఆయన వాటిని గదిలో కట్టేసి చూశాడు. మా ప్రొద్దుటూరు మటన్ అంగళ్ల ముందు నడిపించి ఉంటే నా తిప్పలు తెలిసేవి.

చిక్కల్లా ఆ ఆగడంలోనే. రెండో బొంబాయని పేరుపడ్డ ఊరు మాది. ఇంకా షట్టర్లు లేవని బంగారు అంగళ్ల వీధిలో గొలుసు బిగిసింది, నేను కొయ్యబారి నిలబడ్డా. వాచ్‌మన్ లేచొచ్చాడు.

"ఏం సార్, యాడ చూస్తాండారు?"

"కుక్కకు ట్రైనింగు ఇస్తాండా."

"నిలబడింది మీరు కదా సార్!"

ఇప్పుడు కొంత నయం. గొలుసు బిగిస్తే వెనక్కి తిరిగి నా జేబు వంక చూస్తుంది. పిల్లి కనబడిందా, ఆ చదువంతా పెన్నలో కలిసినట్టే.

మాకు ఎదురుపడితే ఒక్క సాయం చేయండి సామీ. "అబ్బా, ఎంత ముద్దుగా ఉందో" అని చేతులు చాపకండి. లాగి లాగి మీ దగ్గరికొచ్చాక తల నిమిరారంటే, నేను పెట్టిన కోడిముక్కలన్నీ దండగ. గొలుసు వదులయ్యేదాకా ఆగి, ఆ తర్వాత ఎంతసేపైనా నిమరండి.