పిన్నీసు వైద్యం

చదువు లేకుండా, లైసెన్సు లేకుండా, చేతిలో ఒక్క పిన్నీసుతో చేసేయగల వైద్యం ఒకటుంది. దాని పేరు రీసెట్. నెట్ ఆగితే రీసెట్, నెమ్మదిస్తే రీసెట్, సీరియల్ మధ్యలో అత్తగారి నోరు తెరిచినది తెరిచినట్టే నిలిచిపోతే రీసెట్. రౌటర్ వెనక చీమ దూరేంత బెజ్జం ఉంటుంది. అందులో పిన్నీసు గుచ్చి పది లెక్కపెట్టాలి. రోగమేమిటని ఎవరూ అడగరు. అడిగితే వైద్యానికి అవమానం.

మా ఇంట్లో ఈ వైద్యం సంక్రాంతికి జరిగింది. పండక్కి మా బావమరిది వచ్చాడు. రెండు అరిసెలు తిని, ఫోను చూసి, "ఏంటి బావా, మీ నెట్టు ఇంత నీరసంగా ఉంది?" అన్నాడు. నేను కట్టేది 40 ఎంబీపీఎస్ ప్లానుకి, వచ్చేది 38. పాలవాడు కూడా లీటరుకి ఇంత నిజాయితీగా పోయడు. కానీ మావాడు ఒక వీడియో చూసి ఉన్నాడు. మూడు సెట్టింగులు మారిస్తే స్పీడు రెట్టింపు అవుతుందని అందులో ఒక గడ్డం కుర్రాడు ఒట్టేసి చెప్పాడట.

బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి, అడ్మిన్, అడ్మిన్ అని రౌటర్ పేజీలోకి దూరాడు. మొదట డీఎన్ఎస్ తీసి 8.8.8.8 పెట్టాడు. వెబ్‌సైటు పేరు చెబితే దాని నంబరు చెప్పేదే డీఎన్ఎస్. దారి చెప్పేవాణ్ణి మార్చినంత మాత్రాన రోడ్డు వెడల్పవదు. సరే, అందులో నష్టమూ లేదు. తర్వాత వైఫై చానెల్ మార్చాడు. అదీ పోనీ. మూడోది అసలైనది. "అనవసరమైన సర్వీసులు రౌటర్‌కి బరువు బావా" అని డీహెచ్‌సీపీ ఎదురుగా ఉన్న టిక్కు తీసేసి, సేవ్ కొట్టి, రాత్రి బస్సెక్కాడు.

డీహెచ్‌సీపీ అంటే పెళ్ళి విడిదిలో గది తాళాలిచ్చే పెద్దాయన లాంటిది. వచ్చిన ప్రతి ఫోనుకీ, టీవీకీ ఒక నంబరిచ్చి "ఇదిగో నాయనా, రేపటిదాకా ఈ గది నీది" అంటాడు. చాలా రౌటర్లలో ఆ గడువు 24 గంటలు. ఆ పెద్దాయన్ని దండగ ఖర్చని పంపేశాడు మావాడు. చిత్రమేమిటంటే విడిది వెంటనే కూలదు. గదుల్లో ఉన్నవాళ్ళు ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళే పెట్టెలు పట్టుకుని వరండాలో నిలబడతారు. అందుకే పాలకి వెళ్ళొచ్చిన నా ఫోను పొద్దున్నే వీధిన పడింది, గోడనించి కదలని టీవీ సాయంత్రందాకా దర్జాగా ఆడింది. దాంతో మా ఆవిడ తీర్పు చెప్పేసింది, "నెట్టు బానే ఉంది, మీ ఫోనే పాతబడింది" అని. అబ్బాయి లాప్‌టాప్ అయితే ఎవరూ గది ఇవ్వకపోయేసరికి 169.254తో మొదలయ్యే నంబరు తనకు తానే పెట్టుకుంది. వరండాలో తువ్వాలు పరుచుకుని ఇదే నా గది అన్నట్టు.

రౌటర్ పెట్టె మీద పాన్ దీపం పచ్చగా నిలకడగా వెలుగుతోంది. ఎల్‌ఓఎస్ అనే ఎర్రదీపం ఆరిపోయి ఉంది. అంటే వీధిలో తీగ తెగలేదు, తప్పు మా ఇంట్లోనే ఉందని పెట్టే చెబుతోంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "నిన్న ఏదో సెట్టింగు మార్చారమ్మా, దాన్ని వెనక్కి మార్చడం ఎలా?" అన్నాను. "సర్, రౌటర్ వెనకాల చిన్న హోల్ ఉంటుంది చూడండి" అంది ఆ అమ్మాయి. ఏ సెట్టింగని అడగలేదు. దీపాల సంగతి అడగలేదు. ఆమె తప్పు కాదు, ఎదురుగా ఉన్న కాగితంలో ఆ ప్రశ్నలు రాసి ఉండవు. ఒక ప్రశ్న అడిగే సమయంలో రెండు కాల్స్ ముగించొచ్చు కదా.

ఇక్కడ ఒక చిన్న పితలాటకం ఉంది. రీస్టార్ట్, రీసెట్ అనే రెండు మాటల్నీ ఈ వైద్యులు ఒకే సీసాలోంచి పోస్తారు. స్విచ్ ఆపి వేయడం రీస్టార్ట్, కునుకు తీసి లేవడం లాంటిది. రీసెట్ అంటే పూర్వజన్మ మరిచి మళ్ళీ పుట్టడం. ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టినవాడు కనీసం ఎలుక చచ్చిందని చెప్పుకోగలడు.

మా ఆవిడ గాజులకి వేలాడుతున్న పిన్నీసు తీసిచ్చింది. గుచ్చాను. పది దాకా లెక్కపెట్టాను. దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి. డీహెచ్‌సీపీ పెద్దాయన తిరిగొచ్చాడు, అందరికీ గదులిచ్చాడు. కానీ ఈలోగా విడిదికి వీధి గుమ్మమే లేకుండా పోయింది. బయటి నెట్టుతో కలిపే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కొన్ని కంపెనీల పెట్టెలు వీటిని దూరం నుంచే మళ్ళీ నేర్చుకుంటాయి. మాది ఆ జాతి కాదు. మళ్ళీ ఫోన్ చేస్తే, "రీసెట్ ఎందుకు చేశారు సర్?" అన్నాడు ఈసారి ఒక అబ్బాయి.

మూడు రోజులకి టెక్నీషియన్ వచ్చాడు. నా ఇల్లు, నా డబ్బు, నా కనెక్షన్. పాస్‌వర్డ్ మాత్రం అతనిది. లాప్‌టాప్ గోడవైపు తిప్పుకుని, భుజం అడ్డం పెట్టి, పెదవులు కదుపుతూ కొట్టాడు. "అది చెప్పకూడదు సార్" అన్నాడు. తిరుక్కోష్టియూరు గోపురమెక్కి రామానుజులవారు అష్టాక్షరి అందరికీ వినిపించారని చెబుతారు. వెయ్యేళ్ళ నాడే మోక్షమంత్రం బట్టబయలైన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ మంత్రం ఇంకా చెవిలోనే ఉంది. అది కూడా వాళ్ళ చెవిలో.

అతను వెళ్ళాక పై వాటాలో ఉండే పాలిటెక్నిక్ అమ్మాయి వచ్చి కథంతా విని, "అంకుల్, పోయింది డీహెచ్‌సీపీ ఒక్కటే కదా. ఫోన్లో వైఫై సెట్టింగ్స్‌కి వెళ్ళి, ఐపీ స్టాటిక్ పెట్టి, 192.168.1.50 అని మీరే ఇచ్చేసి, గేట్‌వే 192.168.1.1 పెడితే ఆ పేజీ తెరుచుకునేది. టిక్కు పెట్టేస్తే అయిపోయేది" అంది. నేను ఆ అమ్మాయికి కాఫీ ఇప్పించాను. కోపం ఎవరిమీద చూపాలో తెలియనప్పుడు మా ఇంట్లో కాఫీ పెడతారు.

ఆ తర్వాత ఆ పేజీ నిదానంగా చూశాను. రీసెట్ బొత్తాం పక్కనే బ్యాకప్ అని ఇంకో బొత్తాం ఉంది. మార్చే ముందు దాన్ని నొక్కితే ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా దాచుకోవచ్చు. ఏ వీడియోలోనూ గడ్డం కుర్రాడు దాని పేరెత్తడు, అందులో స్పీడు లేదు గనక. రీసెట్ చేస్తే వైఫై పేరు కూడా స్టిక్కర్ మీది పాతదానికి పోతుంది. అప్పుడు పేరూ పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా ముందున్నవే పెడితే ఇంట్లో ఫోన్లన్నీ వాటంతటవే వచ్చి కలుస్తాయి. మాకది తెలియక కొత్త పేరు పెట్టాం. టీవీ రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక ఆదివారం గడిచింది.

అన్నట్టు రీసెట్‌తో అడ్మిన్, అడ్మిన్ కూడా తిరిగొస్తుంది. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా కెమెరాలనీ రౌటర్లనీ లొంగదీసుకున్నది పెద్ద తెలివితేటలతో కాదు, ఇలాంటి ఫ్యాక్టరీ జోడీలు ఓ 60 చేత్తో పట్టుకుని తలుపు తలుపూ తట్టడంతోనే. పిన్నీసు వైద్యులు ఆ జోడీని వెంటనే మార్చుకోవాలన్న పథ్యం చెప్పరు. వైద్యం ముగిశాక "మీ సమస్య పరిష్కారమైతే 1 నొక్కండి" అని మాత్రం మెసేజ్ వస్తుంది.

అవునూ, ఆ రహస్య మంత్రం సంగతి. టెక్నీషియన్ వెనకే ఉన్న అద్దాల బీరువాని అతను గమనించలేదు. యూజర్‌నేమ్ నా ఫోన్ నంబరే. పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు, వరసగా. ఎక్కడానికి గోపురం లేక, పాల లెక్క రాసుకునే కాలెండర్ మీద సంక్రాంతి గడిలో రాసిపెట్టాను. మా ఆవిడ దాన్ని చూసి, "ఈ లెక్కన ఆ రోజు ఎన్ని లీటర్లు పోయించుకున్నామండీ?" అంది.