పదహారణాల సైకిలిస్టు

చార్మినార్ దగ్గర మొదలై పడమరగా మహబూబ్ చౌక్ వైపు సాగే లాడ్ బజార్‌కు పెళ్లివారు, పర్యాటకులు, కేవలం బేరమాడే సరదా కోసం వచ్చేవారు అనే మూడు తెగలవారు పూర్వం నుంచీ వస్తుండగా, ఈమధ్య ఆదివారపు సైకిలిస్టు అనే నాలుగో తెగ వాటికి తోడైంది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన, పైన సౌరఫలకాల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ బాటపై పొద్దున్నే తిరిగి, సాయంత్రం భార్యకు గాజులు కొనడానికి ఇక్కడికి వచ్చే ఈ పెద్దమనిషికి తొక్కడం కన్నా కొలవడం మీద మక్కువ ఎక్కువ. పర్సు మరిచినా వెర్నియర్ కాలిపర్ మరవడు.

హ్యాండిల్‌ను గురించి అడిగినవారికీ అడగనివారికీ అతడు సమానంగా బోధిస్తాడు. స్టెమ్, అనగా హ్యాండిల్‌ను ఫోర్కుకు బిగించే మెడ, కరిచి పట్టుకునే చోట గొట్టం బయటి వ్యాసం పాత బళ్లలో తరచుగా 25.4 మిల్లీమీటర్లు, కొత్తవాటిలో ఎక్కువగా 31.8, తిన్నని హ్యాండిల్‌కు గ్రిప్పులు తొడిగే కొసల్లో 22.2. పాత ఇటాలియన్ రేసు బళ్ల 26.0 హ్యాండిల్‌ను 25.4 స్టెమ్‌లో బిగించబోతే, ఆ ఆరు పదో వంతుల తేడాకే సంబంధం తప్పిపోతుంది. కొమ్ములు వంగిన రేసు హ్యాండిల్ వెడల్పును ఒక కంపెనీ గొట్టం మధ్య నుంచి మధ్యకు, మరొకటి బయటి అంచు నుంచి అంచుకు కొలుస్తుంది కనుక, ఒకరి 42 సెంటీమీటర్లు మరొకరి 44కు ఇంచుమించు సమానం.

ఇంతటి పండితుడూ గాజుల దుకాణంలో "దో చార్" అన్న మాట దగ్గర బోల్తా పడతాడు. గాజు సైజులో మొదటి అంకె అంగుళాలను, రెండోది అంగుళంలో పదహారో వంతులను చెబుతుంది. 1957లో దశాంశ నాణేలు రాకముందు రూపాయిని అణాలుగా పంచిన పద్ధతే ఇది. కనుక రెండు-నాలుగు అంటే లోపలి వ్యాసం రెండుంబావు అంగుళాలు, 57 మిల్లీమీటర్ల పైచిల్లర. అతడు దానిని 2.4గా చదివి 61 అని తేలుస్తాడు. అంతటితో ఆగక, రెండు-పది కన్నా రెండు-ఎనిమిదే పెద్దదని దశాంశాలతో నిరూపించబోయి, "పది పెద్దది సాబ్" అని దుకాణదారు చేత చెప్పించుకుంటాడు.

దుకాణదారు మాత్రం కాలిపర్ వైపు చూడకుండా, అతని వెంట వచ్చిన భార్య బొటనవేలిని అరచేతిలోకి మడిపించి, వేళ్ల కణుపులను నొక్కి చూసి రెండు-ఆరు తీస్తాడు. గాజు ఉండేది మణికట్టు మీదనే అయినా దాటవలసింది కణుపులను. చేతులతో పట్టే హ్యాండిల్ వెడల్పును భుజాల ఎముకల మధ్య దూరాన్ని బట్టి ఎంచుకోవాలని పొద్దున బోధించినవాడికి ఈ న్యాయం కొత్తదేమీ కాదు.

నిజానికి అతని మిల్లీమీటర్లు కూడా వేషం మార్చిన అంగుళాలే. 22.2 పద్నాలుగణాలు, 25.4 నిండు రూపాయి, 31.8 రూపాయి పావలా. ఆ ఇటాలియన్ 26.0 ఒక్కటే ఈ చిల్లరలో మారదు. అయినా అతడు ఓటమి ఒప్పుకోక, గాజుల పెట్టె మీద 60.3 అని రాసుకుని, ఆ రాసుకునే హడావిడిలో దుకాణదారు చెప్పిన ధర చెప్పినట్టే చెల్లించి బయటపడతాడు.