నూతిలోనుండి వన్స్‌మోర్!

మొన్న నొక కళాశాల వార్షికోత్సవమున విద్యార్థులు కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ను ప్రదర్శించిరి.

కట్నమునకు కొన్న మగనిని ఒల్లని కాళింది నూతిలో దూకు ఘట్టము రాగా, అట్టపెట్టెలతో కట్టి సున్నము పూసిన ఆ నూయి నాయికకంటె ముందే కూలుటచే, తల్లిదండ్రుల శోకమునకు నూతిని కట్టినవాని శోకమును తోడయ్యెను.

వెనుక బల్లలవారు ‘వన్స్‌మోర్’ అని ఘోషింపగా, మృతురాలు వినయముతో లేచి, పమిట సవరించుకొని, మరల దూకెను. (1939 నాటి చలనచిత్రమున భానుమతి ధరించిన కాళింది ఒక్కమారే చచ్చినది, అది వేరు కాలము.)

లోభి సింగరాజు లింగరాజు బేరమాడునపుడు నవ్వవలసిన ముందువరుస పెద్దలు, నవ్వుట మాని, తరగతిలోనైనను కానరాని శ్రద్ధతో తలలూపుచు వినిరి.

అందరికంటె నెక్కువగా శాలువతో కన్నులొత్తుకొనిన అధ్యక్షులవారు, వరకట్నము మహాపాతకమనియు, 1961లోనే దానిని నిషేధించుచు చట్టము వచ్చినదనియు గద్గదస్వరమున నుపన్యసించి, చప్పట్ల నడుమ వేదిక దిగి, తెరవెనుకకు పోయి, ఇంకను రంగు కడుగుకొనని వరుని పాత్రధారి భుజముపై చేయి వేసి, ‘‘బాగా చేసితివి నాయనా! చదువు పూర్తి యెప్పుడు? ఇంతకు, మీ నాన్నగా రెంత అనుకొనుచున్నారు?’’ అని యడిగిరి.

నాటకమునకు ప్రవేశము మాత్రము ఉచితమే.